నీళ్లలోనూ నడిచే బండి.. చిన్నదా, పెద్దదా? వాగు లెక్క వేరే ఉంది!

మనిషంత ఎత్తు టైర్లు.. డబ్బా లాంటి బాడీ.. బురదలో నుంచి నేరుగా చెరువులోకి దిగి, అవతలి గట్టు ఎక్కేసే బండి. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. వానాకాలం వచ్చిందంటే ఈ వీడియోలు మళ్లీ ఫోన్లలో తిరుగుతాయి. చూసినోళ్లందరిదీ ఒకటే మాట.. 'ఇలాంటిది మన జిల్లాకు ఒకటి ఉంటే చాలు కదా!' నిజంగా చాలా? ఉంటే ఏది ఉండాలి? నలుగురు కూర్చునే చిన్న బండా, తొమ్మిది మంది ఎక్కే పెద్ద బండా?

ఈ లెక్కను ముత్యంపేట నుంచే మొదలుపెడదాం. కొండగట్టు కింద ఉన్న ముత్యంపేట కాదు.. 2015 డిసెంబర్‌లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ముత్యంపేట, మల్లాపూర్ మండలం. మండలానికి ఉత్తరాన గోదావరి. మెట్‌పల్లి, కోరుట్ల వైపు వస్తే ఎస్సారెస్పీ కాలువలు, చెరువులు, ఎక్కడికక్కడ వరి మడులు. ఇంకా కిందికి సిరిసిల్లకు పోతే మానేరు. అంటే ఒకే ప్రాంతంలో నిలిచే నీళ్లు ఉన్నాయి, ఉరికే నీళ్లూ ఉన్నాయి. ఈ రెండింటి మధ్య తేడా గుర్తుపెట్టుకోండి. చిన్నదా పెద్దదా అనే ప్రశ్న అక్కడే తేలుతుంది.

ఏది చిన్నది? ఏది పెద్దది?

చిన్న బండ్లలో బాగా తెలిసిన పేరు ఆర్గో. కెనడా కంపెనీ. 1967 నుంచి ఇవే చేస్తోంది. ప్లాస్టిక్ తొట్టి లాంటి బాడీ, దాని కింద ఆరు లేదా ఎనిమిది చిన్న టైర్లు. స్టీరింగ్‌తో చక్రాలు పక్కకు తిరగవు. ఒక వైపు చక్రాలను ఆపితే, రెండో వైపు చక్రాలు బండిని తిప్పుతాయి. జేసీబీ షోరూంలో కనిపించే బుల్లి లోడర్లు తిరిగినట్టే అన్నమాట. నీళ్లలోకి దిగితే ఆ టైర్ల గాళ్లే తెడ్లలా పనిచేస్తాయి.

పెద్ద బండ్లలో ఇప్పుడు మన దేశంలో వినిపించే పేరు ఏటీవోఆర్ ఎన్1200. షెర్ప్ తరహా బండి. సైన్యం కోసం జేఎస్‌డబ్ల్యూ గెకో మోషన్ సంస్థ సరఫరా చేసింది. బరువు దాదాపు 2,400 కిలోలు, మోసేది 1,200 కిలోలు. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది మంది పడతారు. నేల మీద గంటకు 40 కిలోమీటర్లు, నీళ్లలో 6 కిలోమీటర్లు. 2025 ఆగస్టులో పంజాబ్ వరదలప్పుడు అమృత్‌సర్ జిల్లాలో మునిగిన ఊళ్లలోకి సైన్యం వీటినే దింపింది. వీడియోలు అప్పుడే వైరల్ అయ్యాయి.

చిన్న బండి విషయంలో చాలామంది పట్టించుకోని ఒక మాట ఉంది. సీట్ల లెక్క నేల మీద ఒకటి, నీళ్లలో ఇంకోటి. ఆర్గో ఆరు చక్రాల మామూలు మోడళ్లలో నేల మీద నలుగురు కూర్చోవచ్చు.. నీళ్లలో ఇద్దరే. ఎనిమిది చక్రాల దాంట్లో నేల మీద ఆరుగురు, నీళ్లలో నలుగురు. ఇందులో డ్రైవర్ కూడా ఒకడు! బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది నేల లెక్క. వరదలో మనకు కావాల్సింది నీళ్ల లెక్క.

పేచీ అంతా వేగం దగ్గరే

గంటకు 6 కిలోమీటర్లు అంటే సెకనుకు మీటరున్నర కంటే కొంచెం ఎక్కువ. గబగబా నడిచే మనిషి వేగం. చిన్న బండి టైర్ల మీదే ఈదితే ఇంకా తక్కువ, గంటకు నాలుగైదు కిలోమీటర్లు.

మరి పొంగిన వాగు? సెకనుకు రెండు మూడు మీటర్లు ఉరకడం మామూలే. నమ్మకం లేకపోతే గట్టు మీద, దూరంగా, నిలబడే చూడొచ్చు. కొట్టుకొచ్చే కట్టెను గమనించండి. 20 మీటర్ల దూరం 10 సెకన్లలో దాటిందా.. సెకనుకు 2 మీటర్లు. అప్పుడు పెద్ద బండి ఎదురు ఈదినా వెనక్కే వస్తుంది.

అడ్డంగా దాటిద్దాం అంటారా? 60 మీటర్ల వెడల్పు వాగు అనుకోండి. పెద్ద బండికి దాటడానికి 36 సెకన్లు కావాలి. సెకనుకు రెండున్నర మీటర్ల ప్రవాహం ఆ 36 సెకన్లలో బండిని 90 మీటర్లు కిందికి లాక్కెళ్తుంది. ఆ 90 మీటర్లలో కల్వర్టు ఉందా, చెక్‌డ్యామ్ ఉందా, తుమ్మ చెట్లున్నాయా.. అదే ప్రాణం లెక్క. దిగిన చోట గట్టు నున్నగా ఉన్నా, తేలే చోట ఎక్కడానికి వాలు ఉండాలి కదా!

అందుకే ఉరికే వాగు విషయంలో చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నే తప్పు. రెండూ వద్దు.

2025 ఆగస్టు 27నే తీసుకోండి. రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర మానేరు వాగు ఒక్కసారిగా పెరిగి ఐదుగురు మధ్యలో చిక్కుకుపోయారు. రాత్రంతా అక్కడే. డ్రోన్‌తో తిండి పంపారు. మరుసటి రోజు మిలిటరీ హెలికాప్టర్ వచ్చి బయటకు తీసింది. అక్కడ గట్టు మీద ఈ పెద్ద బండి రెడీగా ఉన్నా, ఆ ప్రవాహంలో దింపడం అంటే చిక్కుకున్న ఐదుగురికి ఇంకొందరిని కలపడమే అయ్యేది.

'మరి ఖమ్మంలో జేసీబీ వెళ్లింది కదా?' అని అడుగుతారు. నిజమే. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ బ్రిడ్జిపై తొమ్మిది మంది చిక్కుకుంటే, వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ తెగించి వెళ్లి అందరినీ తెచ్చాడు. కానీ అక్కడ పనిచేసింది తేలడం కాదు, తేలకపోవడం! ఏడెనిమిది టన్నుల బరువు, కింద గట్టి కాంక్రీటు. టైర్లు నేలను పట్టుకునే ఉన్నాయి. తేలే బండి దీనికి పూర్తి ఉల్టా. తేలిన మరుక్షణం నేల మీద పట్టు పోతుంది. ఇక దాన్ని నీళ్లు ఎటు తోస్తే అటే. (కింద బ్రిడ్జి కోసుకుపోయి ఉంటే జేసీబీ కథ కూడా వేరేలా ఉండేది. దయచేసి ఎవరూ ట్రై చేయకండి.)

మన కార్లకు జరిగేదీ ఇదే. ఉరికే నీళ్లు అడుగు లోతు ఉంటే చాలు చిన్న కారు తేలడానికి. రెండడుగులైతే ఎస్‌యూవీ కూడా ఆగదు. లో లెవల్ బ్రిడ్జిల మీద ప్రతి ఏడాది జరిగే ఘోరాలకు ఇదే కారణం.

మరి ఈ బండ్లు ఎక్కడ పనికొస్తాయి?

వాగు పోటు తగ్గాక. నీళ్లు పోకుండా నిలిచిపోయాక. అక్కడ ఇవి పడవ కంటే మేలు.

వరి మడుల్లో రెండడుగుల నీళ్లు నిలిచాయనుకోండి. పడవ ఎక్కడికక్కడ ఒడ్లకు తగులుకుంటుంది. ప్రతి గట్టు దగ్గర దిగి ఎత్తి అవతల వేయాలి. ఇంజిన్ పడవ ఫ్యాన్‌కు వరి కర్రలు, మోటర్ల కేబుళ్లు, కంచె తీగలు చుట్టుకుంటాయి. టైర్ల బండికి ఆ ఫ్యాన్ గొడవ లేదు. మడిలో తేలుతుంది, గట్టు ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. రోడ్డు మీదికి వచ్చి అలాగే అంబులెన్స్ దాకా పోతుంది. డయాలసిస్ పేషెంట్‌నో నిండు గర్భిణినో తీసుకెళ్లాల్సి వస్తే ఈ ఒక్క తేడా చాలు.

ఇలాంటి చోట్లే చిన్నా పెద్దా పోలిక అర్థవంతంగా ఉంటుంది.

అర కిలోమీటరు నీళ్ల అవతల పది మంది ఉన్నారు అనుకుందాం. చిన్న ఎనిమిది చక్రాల బండి డ్రైవర్ పోను ముగ్గురిని తెస్తుంది. నాలుగు ట్రిప్పులు. గంటకు 5 కిలోమీటర్ల లెక్కన పోయి రావడానికే ఒక్కో ట్రిప్పుకు 12 నిమిషాలు, మొత్తం 48. ఎక్కడం దిగడం వేరే. పెద్ద బండికి ఎనిమిది మంది చొప్పున రెండే ట్రిప్పులు, 20 నిమిషాలు. పెద్దదే గెలిచింది కదా?

ఆగండి. ఆ పెద్ద బండి అక్కడికి ఎలా వచ్చింది? 40 కిలోమీటర్ల వేగంతో, ఆ టైర్లతో, హైదరాబాద్ నుంచి సిరిసిల్ల దాకా నడిపించుకుంటూ రారు. లారీ మీదో ట్రెయిలర్ మీదో తేవాలి. వరదలో రోడ్డు తెగి ఉంటే లారీ ఆగిన చోటే ఆలస్యం. చిన్నదాన్ని బొలెరో పికప్‌లోనో ట్రాక్టర్ ట్రాలీలోనో వేసుకొని పోవచ్చు. మండల కేంద్రంలో ఉన్న చిన్న బండి పని మొదలుపెట్టే టైమ్‌కు జిల్లా దాటి వచ్చే పెద్ద బండి ఇంకా దారిలోనే ఉండొచ్చు.

వెడల్పు కూడా చూడాలి. ఏటీవోఆర్ రెండున్నర మీటర్లు దాటుతుంది. 2021 సెప్టెంబర్‌లో సిరిసిల్ల పట్టణంలో కాలనీలు మునిగాయి, మరమగ్గాల షెడ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ గల్లీలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు వైపులా బైకులు, ముందు మెట్లు, పైన వైర్లు. దాదాపు 2.8 మీటర్ల ఎత్తున్న బండి అన్ని చోట్లా దూరదు.

చిన్న బండికి బలహీనతలు లేవని కాదు. బాడీ అంచు నీళ్లకు దగ్గరగా ఉంటుంది. భయంతో అందరూ ఒకే వైపుకు ఒరిగినా, మూడు బియ్యం బస్తాలు ఎక్కించినా కథ మారుతుంది. ఎనిమిది చక్రాల మోడళ్లు నీళ్లలో మోసేది సుమారు 450 కిలోలు. నలుగురు మనుషులే 300 దాకా తూగుతారు. మేకలను వదిలి రాము అనే మనవాళ్ల సంగతి తెలుసు కదా.. మిగిలిన 150 కిలోలు ఎంతసేపు!

పెద్దదైతే సేఫ్ అనుకుంటే..

అమెరికాలో డక్ బోట్లు అని ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం చేసిన డీయూకేడబ్ల్యూ అనే నీళ్ల లారీలే వాటికి మూలం. తర్వాత టూరిస్టు బండ్లు అయ్యాయి. 2018 జులై 19న మిస్సోరి రాష్ట్రం బ్రాన్సన్ దగ్గర టేబుల్ రాక్ లేక్‌లో 31 మందితో వెళ్తున్న ఒక డక్ బోట్ ఈదురుగాలికి మునిగింది. 17 మంది చనిపోయారు. అలలకు నీళ్లు లోపలికి వచ్చాయి. పైన కప్పు, పక్కన కర్టెన్లు.. మునుగుతున్న బండిలో నుంచి బయటపడటానికి అవే అడ్డయ్యాయి.

అది వాగు కాదు, సరస్సు. ప్రవాహం లేదు, గాలి చాలింది. ఎత్తైన, మూసి ఉన్న బండికి గాలే పెద్ద శత్రువు. గోదావరి ఒడ్డున బ్యాక్‌వాటర్‌లో వాడాలనుకునేవాళ్లు ఇది ముందే ఆలోచించాలి. తలుపులు ఎటు తెరుచుకుంటాయి, పైకప్పులో నుంచి బయటికి రావొచ్చా, లైఫ్ జాకెట్ వేసుకొని ఆ సందులో పడతామా? కొనే ముందు డెమోలో ఇవి చేసి చూడాలి. ఇంజిన్ హార్స్ పవర్ తర్వాత అడగొచ్చు.

డబ్బుల సంగతి

సైన్యం 96 ఏటీవోఆర్ బండ్లకు పెట్టిన ఆర్డర్ సుమారు 250 కోట్ల రూపాయలు అని వార్తలొచ్చాయి. భాగిస్తే ఒక్కోటి రెండున్నర కోట్లు దాటుతుంది. గ్రామ పంచాయతీ మాట వదిలేయండి, జిల్లాకు కూడా భారమే. మన రాష్ట్రానికి 2024 డిసెంబర్ నుంచి సొంత ఎస్‌డీఆర్ఎఫ్ ఉంది. ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ విజయవాడ దగ్గర ఉంది. పెద్ద బండి ఉండాల్సింది అలాంటి బలగాల చేతుల్లోనే. ట్రెయిలర్, శిక్షణ ఉన్న డ్రైవర్లు, మెకానిక్.. అన్నీ కలిపి. ముత్యంపేట లాంటి ఊళ్లకు దగ్గరగా, మెట్‌పల్లిలోనో కోరుట్లలోనో ఫైర్ స్టేషన్‌లో పెట్టాలంటే మాత్రం రెండు చిన్న బండ్లు నయం అనిపిస్తుంది. రెండు అని ఎందుకంటున్నామంటే.. ఒకటి నీళ్ల మధ్యలో ఆగిపోతే రెండోది తాడు కట్టి లాగాలి.

ఏది కొన్నా ఒక పని మాత్రం మరిచిపోవద్దు. చిన్న బండ్ల అడుగున నీళ్లు వదలడానికి బిరడాలు ఉంటాయి. కడిగినప్పుడు తీసి, పెట్టడం మర్చిపోతే బండి దిగిన ఐదు నిమిషాలకే బరువెక్కడం మొదలవుతుంది. ఏడాదిలో పది నెలలు షెడ్డులో ఉండే బండికి ఇదే అసలు ప్రమాదం. టైర్లలో గాలి, బ్యాటరీ, లోపలి నీళ్లు తోడే పంపు.. జూన్ మొదటి వానకు ముందే ఊరి చెరువులో ఒకసారి దింపి చూసుకోవాలి. ఇంటి చుట్టూ నీళ్లు చేరితే మాత్రం బండి వీడియోలు వెతకొద్దు. మేడ ఎక్కి 112కి ఫోన్ చేయండి. ఎంతమంది ఉన్నారు, నీళ్లు నిలిచి ఉన్నాయా ఉరుకుతున్నాయా అనేది ముందు చెప్పండి. ఏ బండి పంపాలో వాళ్లు తేల్చుకోవడానికి కావాల్సింది అదే.