చదవడం రాని మనిషికీ దారి తెలియాలి
విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ డిగ్రీ: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగే వాళ్లలో చాలామంది చేతిలో ఏదో ఒక కాగితం ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దాయన దగ్గర ఉస్మానియా ఆస్పత్రి ఓపీ చీటీ. నయాపూల్ దాటి ఛత్తాబజార్‌కు వెళ్లే కుటుంబం దగ్గర పెళ్లి పత్రికలో వేయించాల్సిన పేర్ల జాబితా. స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వచ్చే కుర్రాడి దగ్గర పోటీ పరీక్ష హాల్ టికెట్టు. ఆ కాగితం మీద ఉన్నది వాళ్లకు ఎంత త్వరగా, ఎంత తప్పులేకుండా అర్థమవుతుంది? విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ చదివే విద్యార్థి నాలుగేళ్లూ తనను తాను అడుగుతూ ఉండాల్సిన ప్రశ్న ఇది.

ఇంటర్ అయిన పిల్లలు ఈ కోర్సు పేరెత్తగానే ఇంట్లో మొదలయ్యే అభ్యంతరాలు చాలాకాలంగా వింటున్నాను. కొన్నిటిలో నిజం పాలు ఉంది, కొన్నిటిలో అసలు లేదు. ఏది ఎంతవరకు నిజమో విడమరిచి చెప్పాలి. ఎందుకంటే ఇన్ని లిపులు, ఇంత జనం, ఇంత అవసరం కలిసిన పాత నగరానికి ఈ చదువు చదివిన వాళ్లు నిజంగా కావాలి.

అపోహ: ఇది ముస్తాబు చదువు. పనంతా అయ్యాక పైన రంగులద్దడం నేర్పిస్తారు.

వాస్తవం: మన దేశంలో డిజైన్ చదువుకు పునాది ఎలా పడిందో చూస్తే ఈ మాట నిలవదు. 1958లో భారత ప్రభుత్వం కోరితే అమెరికన్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు దేశంలో తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్లు మనసారా మెచ్చుకున్న వస్తువు మన ఇంట్లో చెంబు. ఎంత నీరు పట్టాలి, నిండుగా ఉన్నప్పుడు పట్టు ఎక్కడ కుదరాలి, ఎలా వంచితే ధార సరిగా పడాలి, తోమడానికి చెయ్యి ఎలా దూరాలి అన్న ప్రశ్నలన్నిటికీ తరతరాల వాడకమే ఆ చెంబు రూపంలో జవాబు చెప్పింది. ఆ నివేదిక దారిచూపగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ, ఎన్‌ఐడీ ఏర్పడింది.

అక్షరానికీ బొమ్మకీ ఇదే లెక్క. 1951–52 తొలి సాధారణ ఎన్నికల్లో ఓటర్లలో అత్యధికులకు చదవడం రాదు. అందుకే అభ్యర్థులకు గుర్తులు వచ్చాయి. ఎన్నికల సంఘంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన ఎం.ఎస్. సేఠీ పెన్సిలుతో గీసిన గుర్తులు ఎన్నో ఆయన ఉద్యోగ విరమణ తర్వాత కూడా బ్యాలెట్ల మీద కనిపిస్తూ వచ్చాయి. కుటుంబ నియంత్రణకు 1960ల్లో దీప్ త్యాగి ఇచ్చిన తలకిందులైన ఎర్ర త్రికోణం సర్కారు దవాఖానాల గోడల మీద ఒక తరానికి అక్షరం అక్కర్లేని సందేశమైంది.

పేజీ అమరిక తప్పితే ఏమవుతుందో అమెరికా చూసింది. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో అభ్యర్థుల పేర్లు రెండు పక్కలా, చిల్లు పెట్టాల్సిన చుక్కలు మధ్యలో ఒకే వరుసగా ఉన్న బ్యాలెట్ ఇచ్చారు. ఏ పేరుకు ఏ చుక్కో తేల్చుకోలేక చాలామంది తాము కోరుకోని వారికి ఓటు వేశామని వాపోయారు. ఆ రాష్ట్రాన్ని, దానితోపాటు అధ్యక్ష పదవిని తేల్చిన తేడా 537 ఓట్లు.

ఇప్పుడు ఉస్మానియా లాంటి ఆస్పత్రి ఆవరణను ఊహించండి. రోగిని పట్టుకుని వచ్చిన మనిషి కంగారులో ఉంటాడు. తెలుగు రావచ్చు, ఉర్దూ రావచ్చు, ఏదీ చదవడం రాకపోవచ్చు. ఏ భవనం, ఏ అంతస్తు, రక్త పరీక్ష ఎక్కడ, మందు పొద్దున వేయాలా రాత్రా అన్నది అతనికి చెప్పగల బోర్డు, బాణం, రంగు, బొమ్మ కావాలి. వీటిని తయారు చేయడం ఈ చదువులో భాగం. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా విలువైన భాగం.

అపోహ: బొమ్మలు బ్రహ్మాండంగా వేసే వాళ్లకే సీటు. అదీ ఆర్ట్స్ గ్రూపు వాళ్లకే.

వాస్తవం: గీత సాయం చేస్తుంది, నిజమే. కానీ ఐఐటీల్లో బీడిజైన్ ప్రవేశానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షను చూడండి. మొత్తం 300 మార్కుల్లో 200 మార్కులు కంప్యూటర్ మీద రాసే భాగానికే. పరిశీలన, తర్కం, వస్తువును మనసులో తిప్పి చూడగల నేర్పు, చుట్టూ ఉన్న సమాజం గురించిన అవగాహన అందులో అడుగుతారు. చేత్తో గీసే భాగానికి 100 మార్కులు. అక్కడ కూడా ఆలోచన స్పష్టంగా కాగితం మీదికి వచ్చిందా అన్నదే ముఖ్యం. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ ఏ గ్రూపు వాళ్లైనా ఈ పరీక్ష రాయవచ్చు. చేరాలనుకున్న సంస్థ ఏమైనా అదనపు షరతు పెట్టిందేమో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. ఎన్‌ఐడీ రెండో దశ పరీక్షలో అయితే చేతికి వస్తువులిచ్చి ఏదైనా తయారు చేయమంటారు.

ఆర్ట్స్ చదవని వాళ్లు చేసిన డిజైన్లూ మన చుట్టూ ఉన్నాయి. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో ఎర్ర గీత, ఆకుపచ్చ గీత కలుస్తాయి. అలాంటి మెట్రో మ్యాపుల్లో గీతలు తిన్నగానో, ఏటవాలుగానో సాగుతాయి, స్టేషన్లు సమాన దూరాల్లో కనిపిస్తాయి. నేల మీద అలా ఉండదని అందరికీ తెలుసు, అయినా దారి దొరుకుతుంది. ఈ పద్ధతికి మూలమైన లండన్ భూగర్భ రైలు మ్యాపు 1933లో వెలువడింది. దాన్ని గీసిన హ్యారీ బెక్ విద్యుత్ సర్క్యూట్ల నక్షాలు వేసే డ్రాఫ్ట్స్‌మన్. మన రూపాయి గుర్తునే తీసుకోండి. 2010లో ప్రభుత్వం ఎంపిక చేసిన ఆ గుర్తును రూపొందించిన డి. ఉదయకుమార్ మొదట చదివింది ఆర్కిటెక్చర్. తర్వాత ఐఐటీ బొంబాయిలో తమిళ అక్షరాల మీద పరిశోధన చేశారు.

అపోహ: ఫొటోషాప్, కోరల్‌డ్రా వస్తే చాలు. ఛత్తాబజార్‌లో ఆర్నెల్లు కూర్చుంటే వచ్చే పనికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకు?

వాస్తవం: ఈ మాట అనే వాళ్లను నేను తేలిగ్గా తీసుకోను. ఛత్తాబజార్ అచ్చు దుకాణాల్లో ఉన్న జ్ఞానం చాలా కాలేజీల్లో లేదు. ఏ కాగితం మీద బంగారు రేకు నిలుస్తుంది, ఎన్ని జీఎస్ఎం అట్ట మడతలో పగులుతుంది, స్క్రీన్ మీద మెరిసే నీలం అచ్చులో ఎందుకు చచ్చిపోతుంది అన్నవి అక్కడి పనివాళ్లకు చేతివేళ్ల మీద ఉంటాయి. కలం చెక్కుకుని ఉర్దూను నస్తాలీక్ లిపిలో రాసే కాతిబ్‌ల పరంపర ఆ వీధులది. డిజైన్ విద్యార్థి సెలవుల్లో ఒక నెల అక్కడ పని చేస్తే ఎంతో నేర్చుకుంటాడు.

కానీ దుకాణంలో గిరాకీ వచ్చి నిలబడ్డప్పుడు ఆగి ఆలోచించే తీరిక ఉండదు. పాత నమూనా తెరిచి పేర్లు మార్చేస్తారు. అక్కడ ఆగిపోయిన ప్రశ్నలకు డిగ్రీ సమయం ఇస్తుంది. ఉదాహరణకు తెలుగు పంక్తికి పైన గుడి, కింద వత్తు, దాని కింద మరో వత్తు వస్తాయి. ఇంగ్లిషుకు సరిపోయే పంక్తుల ఎడం ఇస్తే ‘స్త్రీ’ కింది భాగం కింది పంక్తిలోని దీర్ఘాన్ని తన్నుకుంటుంది. ఫ్లెక్సీల మీద రోజూ చూస్తున్న తప్పు ఇది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, పైగా నస్తాలీక్‌లో పదం కుడి పక్క ఎత్తులో మొదలై ఎడమకు జారుతుంది. ఒకే పెళ్లి పత్రికలో ఉర్దూ, ఇంగ్లిషు రెండూ ఉంటే అది ఏ వైపు నుంచి తెరుచుకోవాలి? ముందు ఏ పేరు కంటపడాలి? మూడు లిపుల బోర్డులో మూడూ ఒకే బరువుతో కనిపించాలంటే ఏది ఎంత పెద్దది చేయాలి? వీటికి సాఫ్ట్‌వేర్ మెనూలో బటన్ లేదు.

మరో సంగతి. మన డీటీపీ పని ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ మీద, యూనికోడ్ కాని ‘అను’ లాంటి ఫాంట్ల మీద నడిచింది. పేజీ అచ్చులో చక్కగా వచ్చేది. అదే ఫైలును ఫాంటు లేని మరో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు. అందులో మాట వెతకడం కుదరదు, చూపు లేని వారికి కంప్యూటర్ చదివి వినిపించడమూ కుదరదు. తాను చేసిన పేజీ రేపు ఎవరి చేతికి, ఏ రూపంలో చేరుతుందో ఆలోచించడం తరగతి గదిలో అలవాటు చేయాల్సిన విషయం.

చిత్రకారుడు బాపు గారు ఏ డిగ్రీ చదివారు అని అడిగే వాళ్లున్నారు. ఆయన చదివింది న్యాయశాస్త్రం. ఆయన చేతిరాత ఫాంటుగా మారి తెలుగు వాళ్లందరి పత్రికల్లోకి వచ్చింది. అయితే ఆయనకు పత్రికాఫీసులు, ప్రకటనల సంస్థలు రోజూ పని పెట్టి, గడువు పెట్టి నేర్పాయి. డిగ్రీ కాగితానికి దానంతట అదే మహిమ లేదని నేనూ ఒప్పుకుంటాను. ఎన్‌ఐడీ సైతం 2014 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయ్యేదాకా ఇచ్చింది డిప్లొమాలే. విలువంతా ఆ నాలుగేళ్లలో గురువు, తోటివాళ్లు పనిని గోడకు తగిలించి తప్పులు ఎంచడంలో ఉంది.

అపోహ: పేరులో ‘విజువల్’ ఉంటే అన్నీ ఒకటే కోర్సు.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటున్నారు. చెన్నై లయోలా కాలేజీ ద్వారా పేరొందిన ‘విస్‌కామ్’ బీఎస్సీ లాంటివి ఎక్కువగా ఫొటోగ్రఫీ, వీడియో, మీడియా వైపు మొగ్గుతాయి. బీఎఫ్‌ఏలో అప్లైడ్ ఆర్ట్ లలితకళల ఒడిలో పెరిగిన కోర్సు. హైదరాబాద్‌లో దీనికి పెద్ద చిరునామా మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. 2008లో విశ్వవిద్యాలయమైనా అక్కడి కళాశాల అంతకన్నా చాలా పాతది. బీడిజైన్‌లో కమ్యూనికేషన్ డిజైన్ సమస్య పరిష్కారం చుట్టూ తిరుగుతుంది. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీలో అది ఉంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్ 2019 నుంచి బీడిజైన్ నడుపుతోంది. 1995 నుంచి ఉన్న మాదాపూర్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, నిఫ్ట్‌లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ చదవవచ్చు. ఇవి కాక యానిమేషన్ సర్టిఫికెట్టు ఇచ్చే ప్రైవేటు సంస్థలు వీధికొకటి ఉన్నాయి. ఫీజు కట్టే ముందు డిగ్రీ ఎవరు ఇస్తున్నారో, అది యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయమో కాదో రాతపూర్వకంగా చూడండి.

అపోహ: ఇది ఇంగ్లిషు మీడియం వాళ్ల చదువు. తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలకు అందదు.

వాస్తవం: సగం నిజం. యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది. లాప్‌టాప్, రంగులు, ప్రింట్ల ఖర్చూ తక్కువేమీ కాదు, ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు మరీ భారం. ఈ అడ్డంకులను దాచి పిల్లలకు ఆశ పెట్టడం న్యాయం కాదు. ప్రభుత్వ సంస్థలనే ముందు ప్రయత్నించమని, ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఇంగ్లిషు చదివి అర్థం చేసుకునే సాధన మొదలుపెట్టమని చెబుతాను.

లోపలికి వెళ్లాక మాత్రం ఇంటి లిపి తెలియడమే బలం. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే సురవరం, రామభద్ర, గిడుగు, మల్లన్న వంటి తెలుగు ఫాంట్ల వెనుక పురుషోత్ కుమార్ గుత్తుల కృషి ఉంది. వాటిలో సురవరం వార్తాపత్రికల కోసం చేసినది, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. ఇంగ్లిషుకు వేలాది ఫాంట్లు ఉన్న చోట మనకు వేళ్ల మీద లెక్కపెట్టగల మంచివి ఉన్నాయి. వత్తు ఎక్కడ కూర్చుంటే కంటికి ఇబ్బందిగా ఉంటుందో చిన్నప్పటి నుంచి తెలిసిన పిల్లలు రాకపోతే ఈ కొరత తీరదు. వాళ్లకు పాఠశాల కూడా దగ్గరే ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం దగ్గర్లోనే సుల్తాన్‌బజార్‌లో ఉంది. పాత తెలుగు, ఉర్దూ ముద్రణ ఎలా ఉండేదో, ఖాళీ జాగా ఎంత వదిలేవారో పుస్తకం తెరిచి చూసి నేర్చుకోవచ్చు.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇక డిజైనర్ల పని అయిపోయింది.

వాస్తవం: నమూనా మార్చి పేరు పెట్టే తరహా పనికి ముప్పు ఉంది. ఆ మాట దాచక్కర్లేదు. ఉర్దూ పత్రికలు ఒకసారి ఇలాంటి ముప్పును చూశాయి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ తన చేత్తో వేలాది అక్షర కూర్పులు రాసి నూరి నస్తాలీక్‌ను కంప్యూటర్‌కెక్కించారు. 1990ల్లో ఉర్దూ పేజీలు కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. పత్రికాఫీసుల్లో పేజీలకు పేజీలు రాసిన కాతిబ్‌ల కొలువులు పోయాయి. ఆ బాధ చిన్నది కాదు. కానీ ఆ యంత్రం రాసే ప్రతి అక్షరం వెనుక ఒక ఖుష్‌నవీస్, అంటే అందమైన రాత రాసేవాడి చేయి ఉంది, ఎక్కడ వంపు తిరగాలో నిర్ణయించింది ఆయనే. ఇవాళ ఏఐతో బొమ్మ చేయించి అందులో తెలుగు మాట పెట్టమంటే తరచూ వత్తులు ఊడిపోతాయి. రేపు అదీ సరికావచ్చు. అప్పుడైనా ఆస్పత్రి బోర్డు దగ్గర ఎవరు దారి తప్పుతున్నారో వెళ్లి నిలబడి చూసి, మాట్లాడి, మళ్లీ మార్చే పని మిగిలే ఉంటుంది.

అపోహ: చివరికి ఫ్లెక్సీలు, ప్రకటనలే గతి.

వాస్తవం: ఫోన్ యాప్ తెరలు, ప్యాకింగ్, పాఠ్యపుస్తకాలు, మ్యూజియం ప్రదర్శనలు, వార్తాపత్రికల గ్రాఫిక్స్, ఫాంట్లు, దారి చూపే బోర్డులు అన్నిటిలో పని ఉంది. ప్రస్తుతం ఎక్కువమందిని తీసుకుంటున్నవి యాప్‌లు చేసే కంపెనీలే. మొదటి ఉద్యోగానికి మార్కుల జాబితా కన్నా పోర్ట్‌ఫోలియోనే ముందు చూస్తారు. అందులో అందమైన ఇరవై పోస్టర్ల కన్నా, ఒక్క బస్‌స్టేషన్ సమయాల బోర్డును తీసుకుని, ప్రయాణికులను అడిగి, మూడుసార్లు మార్చి, ఏ మార్పు ఎందుకు చేశారో చూపిన పని ఎక్కువ మాట్లాడుతుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు కూడా ఇదే కొలత వాడండి. చాలా కాలేజీలు ఏడాది చివర చివరి సంవత్సరం విద్యార్థుల పనిని ప్రదర్శనకు పెడతాయి. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి వెళ్లి, ఆ పని చేసిన వాళ్లనే ‘ఇది ఎవరి కోసం చేశావు, వాళ్లకు చూపించావా’ అని అడగాలి. ఆ జవాబు విన్నాక ఫీజు సంగతి మాట్లాడుకోవచ్చు.