ఉక్కునగరం నేర్పిన ఇరుగుపొరుగు

*రష్యన్ ఇంజినీర్లు, సిక్కోలు కూలీలు, బెంగాలీ గుమాస్తాలు ఒకచోట బతకడం నేర్చుకున్న ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి. ఆ ఊరి శివారులో ఇప్పుడు ఐఐటీ వెలసింది. దేశంలోని ప్రతి క్యాంపస్‌కూ అక్కరకొచ్చే పాఠం ఆ ఊళ్లోనే ఉంది.*

ఉత్తరాంధ్రకు భిలాయి పరాయి ఊరు కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లి, అక్కడే పిల్లల్ని కని, పెంచి, స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. భిలాయిలోని ఖుర్సీపార్ వీధుల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం వాళ్లకు పుట్టింటి దారి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖపట్నం మధ్య వందేభారత్ కూడా నడుస్తోంది.

ఆ దారిలో ఇప్పుడు మరో తరం వెళ్తోంది. వాళ్ల చేతిలో ఐఐటీ అడ్మిషన్ కాగితాలు ఉంటున్నాయి. ఐఐటీ భిలాయి 2016లో మొదలైంది. దాని తొలి అడుగులకు చేయూతనిచ్చింది మన ఐఐటీ హైదరాబాదే. రాయపూర్‌లోని ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలో కొన్నేళ్లు తలదాచుకుని, కుటేలాభాటాలోని సొంత ప్రాంగణానికి చేరింది. 2024 ఫిబ్రవరి 20న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు.

అన్ని రాష్ట్రాల పిల్లలూ అక్కడికి వస్తున్నారు. అయితే రావడంతోనే కలిసిపోతారా? సీటు చట్టం ఇస్తుంది. తోడు మాత్రం క్యాంపస్సే ఇవ్వాలి.

కొలిమి దగ్గర కుదిరిన స్నేహం

1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ భిలాయి ఉక్కు కర్మాగారం కోసం ఒప్పందం చేసుకున్నాయి. నాలుగేళ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సోవియట్ నిపుణుల బృందానికి చీఫ్ ఇంజినీర్‌గా పనిచేసిన వెనియమిన్ దిమ్‌షిత్స్ తర్వాత ఆ దేశ ఉపప్రధాని అయ్యారు. మన యువ ఇంజినీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్లి పని నేర్చుకొచ్చారు. వాళ్ల నిపుణులు కుటుంబాలతో వచ్చి ఇక్కడ కాపురం పెట్టారు. ఆ మైత్రికి గుర్తుగా 1972లో వెలసిన మైత్రీబాగ్‌కు పిల్లలు ఇప్పటికీ జంతువుల్ని చూడటానికి వెళ్తుంటారు.

విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు కుదుర్చుకునే మన వైస్ చాన్సలర్లు దీన్ని గమనించాలి. సంతకాల ఫొటోలతో భిలాయి నిలబడలేదు. భాష రాని ఇద్దరు ఒకే కొలిమి ముందు, ఒకే వేడిలో, దుబాసీ సాయంతో పని పంచుకున్నారు. నేర్పినవాళ్లు వెళ్లిపోయాక నేర్చుకున్నవాళ్లు ఫర్నేస్ నడిపారు. అంతర్జాతీయత అంటే అదీ.

ఎదురింటి తలుపు

భిలాయి చేసిన ఇంకో గొప్ప పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. అది క్వార్టర్ల కేటాయింపు. టౌన్‌షిప్‌లో ఇల్లు ఇచ్చేటప్పుడు కులం, ప్రాంతం, భాష చూడలేదు. తెలుగువాళ్లకో వీధి, బెంగాలీలకో వీధి అని విడదీయలేదు. తలుపు తీస్తే ఎదురుగా మలయాళీ కుటుంబం, మేడమీద పంజాబీలు, పక్కన ఛత్తీస్‌గఢీలు. పండక్కి పిండివంటలు గోడ దాటాయి. షిఫ్టు తేడాల వల్ల ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకోక తప్పలేదు. అవసరంతో మొదలైన ఇరుగుపొరుగు అలవాటుగా మారింది.

1990ల నుంచి ఇక్కడ పరిశోధన చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఈ కలివిడితనాన్ని నమోదు చేశారు. దాని హద్దుల్నీ చెప్పారు. పర్మినెంటు కార్మికుడికి, కాంట్రాక్టు కూలీకి మధ్య పెరిగిన అగాధం ఆయన పుస్తకానికి కేంద్రం. కులాన్ని పట్టించుకోని క్వార్టరు హోదాను మాత్రం పట్టించుకుంది: పెద్ద ఉద్యోగికి పెద్ద ఇల్లు, కాంట్రాక్టు కూలీకి అసలు ఇల్లే లేదు. కర్మాగారానికి భూములిచ్చిన పల్లెల జనం చాలాకాలం బయటివాళ్ల వెనకే నిలబడ్డారు.

భిలాయి దగ్గరి పల్లె గనియారిలో పుట్టింది తీజన్‌బాయి. పాండవుల కథను గానం చేసే పండవానిని ఆడవాళ్లు పాడాలంటే కూర్చునే పాడాలన్న రోజుల్లో ఆమె లేచి నిలబడింది. ఆమె చేతిలోని తంబూరా ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు. కులపోళ్లు వెలివేశారు. బడికి వెళ్లని ఆ గాయనికి భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. ఇలాంటి కళాకారుల్ని స్నాతకోత్సవానికి పిలిచి శాలువా కప్పి పంపేస్తే చాలదు. పక్క ఊళ్లో ఉన్న విద్యను తరగతి గదిలోకి తెచ్చి, క్రెడిట్లిచ్చి బోధించాలి. పొరుగూరిని గుర్తించని క్యాంపస్ ప్రపంచాన్ని ఏం గుర్తిస్తుంది?

ర్యాంకు అడగొద్దు

ఐఐటీల్లో 2016 నాటికి అమ్మాయిలు 8 శాతమే. 2020 నాటికి ఆ వాటాను 20 శాతానికి చేర్చాలన్న లక్ష్యంతో 2018 నుంచి వాళ్లకోసం అదనపు సీట్లు పెట్టారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు కేటాయించమంది. ఇవన్నీ గేటు తెరిచిన చర్యలు. లోపలికొచ్చాక ఏం జరుగుతోంది?

మొదటి వారంలో సీనియర్ అడిగే "ర్యాంకెంత?" అన్న ప్రశ్న చాలాసార్లు కేటగిరీ ఏమిటో ఆరా తీయడానికే. ఆ ఒక్క జవాబుతో ఒక పిల్లవాడు నాలుగేళ్లపాటు ముడుచుకుపోతాడు. 2023లో ఐఐటీ బాంబే, ర్యాంకు అడగొద్దని విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. భాష మరో గోడ. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయొచ్చు కానీ, అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్, హిందీల్లోనే. ఆ తర్వాత క్లాసులో ఇంగ్లిష్, మెస్సులో హిందీ. తెలుగు మీడియం పిల్లవాడికి రెండూ కొత్తే.

మనవైపు లోపమూ ఒప్పుకోవాలి. కార్పొరేట్ కళాశాలల్లో మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుతూ పెరిగిన మన పిల్లలు, ఐఐటీకి వెళ్లి తెలుగు గ్రూపు కట్టుకుని అందులోనే నాలుగేళ్లు గడిపేస్తున్నారు. ఇంటి బెంగకు అది మందే. కానీ మన బల్ల దగ్గర సరదాగా నవ్వుకుంటున్నప్పుడు, పక్క బల్ల దగ్గర ఒంటరిగా తింటున్న బస్తర్ కుర్రాడికి మనమే గోడ అవుతాం.

విదేశాల నుంచి వచ్చినవాళ్లకూ ఈ గోడలు తప్పవు. 2021–22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం మన దేశంలో చదువుతున్న విదేశీ విద్యార్థులు దాదాపు 47 వేలు. అందరికంటే ఎక్కువగా వచ్చేది నేపాల్ పిల్లలు. వాళ్లకు రంగురంగుల స్వాగతోత్సవం ఒక్కరోజు చాలు. ఏడాది పొడవునా కావాల్సింది మెస్సులో తినగలిగే తిండి, వీసా కాగితాలకు సాయపడే మనిషి, సెలవుల్లో పిలిచే ఒక ఇల్లు.

ఏం చేయాలి?

ఉక్కునగరం దారి చూపించింది. హాస్టల్ గదుల్ని మొదటి ఏడాది లాటరీతో కేటాయించాలి. రాష్ట్రం, భాష, కులం, దేశం అన్నీ కలిసేలా చూడాలి. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్‌కు చేయూతనిస్తూనే, స్థానిక భాషను అందరికీ కాస్త నేర్పాలి. వివక్షపై ఫిర్యాదు విన్నవాళ్లు గడువులోగా జవాబు చెప్పాలి. మెస్సులో, కాపలాలో, పారిశుద్ధ్యంలో పనిచేసే కాంట్రాక్టు మనుషుల జీతాలు, గౌరవం కూడా ఈ లెక్కలోకే రావాలి. లేకపోతే భిలాయి చేసిన తప్పునే మళ్లీ చేసినట్టవుతుంది.

2025 మేలో కేంద్రం భిలాయి, తిరుపతి సహా ఐదు కొత్త ఐఐటీల విస్తరణకు ఆమోదం తెలిపింది. సీట్లు 6,500 పెరుగుతాయి. ఇంకెందరో మొదటి తరం పిల్లలు పెట్టె సర్దుకుని బయల్దేరతారు. ఏటా ప్లేస్‌మెంట్ల గురించి గర్వంగా చెప్పుకునే మన సంస్థలు ఎందరు మధ్యలో చదువు మానేశారు, ఎందుకు మానేశారన్న లెక్కనూ అంతే బాహాటంగా ప్రకటించాలి. ఆ సంఖ్య ఏటేటా తగ్గితేనే ఆ క్యాంపస్ అందరిదని నమ్ముదాం.