టైటిల్స్ పడుతున్నాయి... రాండ్రి!

సీరియల్ కంటే ముందు మనల్ని పట్టేసుకున్నవి టైటిల్సే! రాజోలిలో మా నాయన ఇప్పటికీ చెబుతుంటాడు... 1988 అక్టోబరులో 'మహాభారత్' మొదలైనప్పుడు మా వీధి మొత్తానికి టీవీ ఒక్కటే. ఆదివారం పొద్దున మహేంద్రకపూర్ గొంతు వినిపించగానే ఎవరో ఒకరు "పాట మొదలాయె, రాండ్రి!" అని కేకేసేవారట. మగ్గం గుంటల్లోంచి నేతగాళ్లు నాడె వదిలేసి ఒకటే పరుగు! హరీశ్ భిమాని 'కాలం'గా మాట్లాడే వేళకి చాపమీద చోటుండేది కాదట. అంటే, టైటిల్స్ పేర్లు చూపడానికే కాదు, జనాన్ని పోగుచెయ్యడానికి కూడానన్నమాట!

ఈ పిలుపు అంతకుముందే మొదలైంది. 1976లో దూరదర్శన్ చిహ్నం గిరగిరా తిరిగి కన్నులా నిలిచింది. వెనక పండిట్ రవిశంకర్ కూర్చిన బాణీ! తర్వాత 'మాల్గుడి డేస్'కి ఆర్.కె.లక్ష్మణ్ బొమ్మలు, ఎల్.వైద్యనాథన్ సంగీతం. మాటల్లేని ఆ కూనిరాగంలోనే ఒక ఊరంతా కళ్లకు కట్టింది.

2001లో జెమినీలో 'అమృతం' వచ్చేసరికి మా ఇంట్లోనూ టీవీ ఉంది. సిరివెన్నెల సాహిత్యం, కళ్యాణి మాలిక్ బాణీ. కష్టాన్ని నవ్వి తోసెయ్యమనే ఆ పాట మగ్గం చప్పుడులో కలిసిపోయేది. నేత నేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

మరి ఇప్పుడో? ఫోనులో టైటిల్స్ రాగానే దాటెయ్యమంటూ ఓ మీట! మొన్న నేను నొక్కబోతుంటే నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండరా, మీ అమ్మను రానీ!"