టర్బోకి ఎంత బూస్ట్ చాలు?

ఇంజన్‌లో కాల్చిన పెట్రోలు శక్తిలో సుమారు మూడో వంతు వేడిగా సైలెన్సర్ దారి పట్టిపోతుంది. ఆ పోయే పొగతోనే ఒక చక్రాన్ని (టర్బైన్) తిప్పి, అదే ఇరుసుకు బిగించిన రెండో చక్రంతో (కంప్రెసర్) ఇంజన్‌లోకి గాలి కుక్కవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఈ టర్బో ఓడల డీజిల్ ఇంజన్లలో కుదురుకునేసరికి ఇరవై ఏళ్లు గడిచాయి. ఈలోగా 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఒక విమానం ఇంజన్‌ను పైక్స్ పీక్ కొండమీదికి, 14,000 అడుగుల ఎత్తుకు మోయించాడు. అక్కడి పలచటి గాలిలో కూడా టర్బో పుణ్యమా అని అది నేలమీద ఇచ్చినంత శక్తీ ఇచ్చింది.

కారు దగ్గరికి వచ్చేసరికే చిక్కొచ్చిపడింది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకు ఈ సంగతి చేతికే తెలుసు. వేడెక్కిన గాలి-పెట్రోలు మిశ్రమం స్పార్క్ తాలూకు మంట తనదాకా రాకముందే ఎక్కడికక్కడ భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. ఎక్కువసేపు సాగితే పిస్టన్‌కు బొక్కపడుతుంది.

1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 10.25, ఆపైన టర్బో పెట్టే అదనపు ఒత్తిడి, అంటే బూస్ట్, 5 పీఎస్‌ఐ. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజన్‌లోకి చిమ్మేవారు. ఆ డబ్బా నింపడం యజమానులు మరిచిపోయేవారు. చివరికి చాలా కార్లకు టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ బిగించారు. డ్రైవరు జ్ఞాపకశక్తి మీద ఆధారపడిన యంత్రానికి అంతకన్నా మంచి గతి పట్టదు.

స్వీడన్‌లోని సాబ్ వాళ్లు వేరే దారి తొక్కారు. 1977లో చూపించిన 99 టర్బోలో పెర్ గిల్‌బ్రాండ్ బృందం కంప్రెషన్‌ను 7.2కి దించి, బూస్ట్‌ను 0.7 బార్ దగ్గర కట్టేసింది. అంటే సుమారు 10 పీఎస్‌ఐ. హద్దు దాటగానే వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు తెరుచుకుని పొగను టర్బైన్ పక్కనుంచి పంపేస్తుంది. ఆ తలుపును మూసి ఉంచేది ఒక స్ప్రింగు. రెండు లీటర్ల ఇంజన్‌కు 145 హార్స్‌పవర్ వచ్చింది.

ఆ స్ప్రింగు మీదే ఔత్సాహికుల కన్ను. కాస్త బిగిస్తే బూస్ట్ మీటరు ముల్లు 1 బార్‌కు లేస్తుంది, కారు దూకుతుంది. లోపల జరిగేది లెక్క వేద్దాం. కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, 30 డిగ్రీల గాలి 0.7 బార్ దగ్గర 105 డిగ్రీలు దాటుతుంది. 1 బార్ దగ్గర 130 దాటుతుంది. మన వేసవి గాలితో మొదలైతే ఇంకా ఎక్కువే. ఈ గాలిని చల్లార్చడానికి 99 టర్బోలో ఇంటర్‌కూలర్ లేదు. చిన్న టర్బోను దాని శక్తికి మించి తిప్పితే సామర్థ్యమూ పడిపోతుంది, అప్పుడది గాలికన్నా వేడినే ఎక్కువ పంపుతుంది. పెట్రోలు కొలిచే యంత్రాంగానికీ ఒక గరిష్ఠం ఉంది. అది దాటాక గాలి పెరుగుతుంది, పెట్రోలు పెరగదు. వేడికి వేడి తోడవుతుంది. కాబట్టి మీటరు మీది అంకె ఒక్కటే భద్రతను చెప్పదు.

సాబ్ 1982 మోడల్‌లో దీనికి సొగసైన జవాబు తెచ్చింది. ఇంజన్ దిమ్మకు నాకింగ్‌ను వినే సెన్సర్ బిగించారు. చప్పుడు వినిపించగానే ఎలక్ట్రానిక్ పెట్టె వేస్ట్‌గేట్‌ను తెరిపించి బూస్ట్ తగ్గిస్తుంది. దాంతో కంప్రెషన్‌ను 8.5కి పెంచినా ఇబ్బంది లేకపోయింది.

అలాంటి చెవి లేని పాత టర్బో కారు మీ దగ్గరుంటే కంపెనీ పెట్టిన బూస్టే మీ హద్దు. ముందు బూస్ట్ ఒత్తిడిని వేస్ట్‌గేట్‌కు చేర్చి దాన్ని తెరిపించే రబ్బరు గొట్టం చూడండి. అది పగిలినా ఊడినా స్ప్రింగు ముట్టకుండానే బూస్ట్ హద్దు దాటిపోతుంది. ఇంకా పెంచాలనే ఉంటే ఇంటర్‌కూలర్, చాలినంత పెట్రోలు, గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే మీటరు ముందు బిగించండి. స్ప్రింగు జోలికి ఆ తర్వాతే వెళ్లండి.