నిలిచే నురుగు కోసం

ఒంటి సబ్బు చేయడంలో చేయి తిరిగినవారు కూడా గడ్డం గీసుకునే సబ్బు దగ్గర తడబడతారు, ఎందుకంటే ఈ రెండు సబ్బుల పని ఒకటి కాదు. ఒంటి సబ్బు నురుగు మురికిని వదిలించి నీళ్లతో పోతే చాలు. షేవింగ్ సబ్బు నురుగు మాత్రం కొన్ని నిమిషాల పాటు ఆరిపోకుండా వెంట్రుకలను తడిగా ఉంచి మెత్తబరచాలి, బ్లేడు చర్మంపై ఒరుసుకోకుండా జారనివ్వాలి. కొత్తగా చేసేవారు సాధారణంగా కొబ్బరినూనె పాలు పెంచుతారు. ఆ నూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం వల్ల నురుగు క్షణాల్లో పొంగుతుంది గానీ, ఒక చెంప పూర్తయ్యేలోగా బుడగలు పగిలి ఆరిపోతుంది, చర్మం బిగుసుకుంటుంది. నురుగును సన్నగా, చిక్కగా నిలబెట్టేది స్టియరిక్ ఆమ్లం. అందుకే ఇంట్లో చేసే చాలా మిశ్రమాలలో అది కొవ్వుల బరువులో సగం దాకా ఉంటుంది.

కష్టమంతా ఈ స్టియరిక్ ఆమ్లంతోనే. నూనెలు, కొవ్వులు అంటే కొవ్వు ఆమ్లాలు గ్లిజరిన్‌తో కలిసి ఏర్పడిన పదార్థాలని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 19వ శతాబ్దం తొలినాళ్లలో నిరూపించి, 1823లో గ్రంథంగా వెలువరించాడు. నూనెను క్షారం నెమ్మదిగా విడగొట్టి సబ్బుగా మారుస్తుంది. బజారులో పలుకులుగా దొరికే స్టియరిక్ ఆమ్లం ముందే విడిపోయి ఉన్నది కనుక క్షారం తగిలిన క్షణంలోనే గడ్డకట్టి, గరిటె తిరగనంత ఉండలవుతుంది. పైగా దాని నుంచి గ్లిజరిన్ పుట్టదు, విడిగా కలపాల్సి వస్తుంది. ఆ ఆమ్లం కరగడానికి సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి కాబట్టి, స్టీలు గిన్నెను మరిగే నీళ్లలో ఉంచి, ద్రవనూనెలను ముందుగా క్షారంతో ఉడికించి, కరిగించిన స్టియరిక్ ఆమ్లాన్ని చివర కలపడం ఒక మంచి పద్ధతి. అల్యూమినియం పాత్రను క్షారం తినేస్తుంది. క్షారాన్నే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి తప్ప క్షారంపై నీళ్లు పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

క్షారం ఎంపిక కూడా ప్రయోగాలతోనే పట్టుబడుతుంది. కాస్టిక్ సోడా ఒక్కటే వాడితే బ్రష్షుకు అంటనంత గట్టి బిళ్ల వస్తుంది, కాస్టిక్ పొటాష్ ఒక్కటే వాడితే వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. అందువల్ల పొటాష్ పాలు ఎక్కువగా ఉండేలా రెండింటినీ కలుపుతారు. తూకం మాత్రం ఒకటి కాదు: 100 గ్రాముల కొబ్బరినూనెకు సోడా సుమారు 18 గ్రాములు సరిపోతే, శుద్ధమైన పొటాష్ దాదాపు 26 గ్రాములు కావాలి. మామూలుగా అమ్మే పొటాష్ శుద్ధత 90 శాతం దగ్గర ఉంటుంది కనుక, ఆ సంగతి లెక్కలోకి తీసుకోకపోతే కొవ్వు మిగిలిపోయి నురుగు చచ్చుబడుతుంది. చర్మానికి మెత్తదనం కోసం కొంచెం కొవ్వును కావాలనే మిగల్చడం మంచిదే గానీ, అది హద్దు దాటితే ఇదే ఫలితం.

ఒక్కో విడతలో ఒక్క అంశాన్నే మార్చి, తూకాలను రాసిపెట్టుకోవడం ఇక్కడ అత్యవసరం. ఆముదం, గ్లిజరిన్, నీళ్ల కొలత ఒకేసారి మారిస్తే మేలు దేనివల్ల జరిగిందో తేలదు. నీటి ప్రభావాన్ని చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. తెలుగు రాష్ట్రాలలో ఎన్నో ఇళ్లకు వచ్చే బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును, ముఖ్యంగా స్టియరిక్ ఆమ్లపు సబ్బును, కరగని తెట్టుగా మార్చి నురుగును తగ్గిస్తాయి. కాబట్టి తయారీకి డిస్టిల్డ్ వాటర్ వాడినా, నురుగును రోజూ గడ్డం గీసుకునే నీళ్లతోనే పరీక్షించాలి.