చింతపిక్కలతో నేర్చుకున్న పోకర్

"అన్నా, 50 డాలర్లతో ఆన్‌లైన్ పోకర్ మొదలుపెట్టొచ్చా? పోతే పోయాయనుకునే డబ్బే!"

మొన్న శుక్రవారం సాయంత్రం టాంపినీస్ ఎంఆర్‌టీ స్టేషన్ బయట ఓ తమ్ముడు నన్ను ఆపి అడిగిన ప్రశ్న ఇది. చాంగీ బిజినెస్ పార్కులో ఉద్యోగం, సింగపూర్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా ఇంట్లో శనివారాలు పేకాట సాగుతుందని ఎవరో చెప్పారట. రెండేళ్ల క్రితం ఇదే ప్రశ్న నాకూ వచ్చింది. అంకె కూడా అదే. పక్కనే ఉన్న కాఫీ షాపులో కూర్చుని అతనికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మనవాళ్లలో ఈ ఆలోచన ఉన్నవాళ్లు ఇంకా కొందరు ఉంటారు.

మాది తణుకు దగ్గర పల్లె. సంక్రాంతి వచ్చిందంటే అరుగు మీద దుప్పటి పరిచి పెద్దవాళ్లు రమ్మీ ఆడుతుంటే, వెనక కూర్చుని ముక్కలు చూస్తూ పెరిగాను. పోకర్ మాత్రం ఇక్కడికి వచ్చాకే ఫోన్‌లో వీడియోలు చూసి పట్టుకున్న పిచ్చి. క్రిస్ మనీమేకర్ అనే అమెరికా అకౌంటెంట్ 2003లో 86 డాలర్లు కట్టి ఆన్‌లైన్ పోటీలో నెగ్గి, దాని మీదుగా ప్రపంచ పోకర్ పోటీకి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ కథ విన్నాక 50 డాలర్లు ఎవరికైనా చిన్న మొత్తంగానే కనిపిస్తాయి. కార్డు చేతిలో పట్టుకుని డబ్బు వేయబోతుంటే మా ఆవిడ ఒక్క మాట అంది. "ఏమండీ, ఇది ఈ దేశంలో ఆడొచ్చా? కనుక్కున్నారా?"

కనుక్కోలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను.

ఆడినవాడికీ శిక్షే

సింగపూర్‌లో 2022 ఆగస్టు 1 నుంచి కొత్త జూద నియంత్రణ చట్టం అమలులో ఉంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించే అనుమతి ఇక్కడ సింగపూర్ పూల్స్‌కే ఉంది. అదీ లాటరీలకు, క్రీడా పందేలకు. పోకర్ అందులో లేదు. అనుమతి లేని సైటులో ఆడితే నడిపేవాడితోపాటు ఆడినవాడిదీ నేరమే. 10,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 50 డాలర్లే కదా అనే మినహాయింపు లేదు. "పోకర్ నైపుణ్యం ఆట కదా" అనే వాదనా చెల్లదు. అదృష్టం, నైపుణ్యం కలిసిన ఆటలు కూడా ఈ చట్టం కిందకే వస్తాయి. వర్క్ పాస్ మీద బతికే మనకు అలాంటి కేసు ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు.

నైపుణ్యం అనే మాట మనవాళ్ల నోట ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. ఆ తర్వాత రోజులు మారాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం తెచ్చి, నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు ఆటలన్నింటినీ ఆపమంది. కేంద్ర చట్టం గురి ప్రధానంగా ఆడించేవాళ్ల మీద, ప్రకటనలిచ్చేవాళ్ల మీద. ఇక్కడి చట్టం ఆడేవాడినీ వదలదు. ఈ తేడా తెలియక "ఇండియాలో ఆడేవాణ్ని, ఇక్కడ ఆడితే ఏమైంది" అనుకుంటే చిక్కే.

అడగకుండా దిగిన మిత్రుడు

మా క్రికెట్ జట్టులో ఒకాయన ఇవేమీ చూసుకోకుండా దిగాడు. పేరు రాయొద్దన్నాడు, సంగతి రాయమన్నాడు. చాట్ గ్రూపులో ఎవరో లింకు పంపారు. 50 డాలర్లు వేశాడు. వారంలో 80 అయ్యాయి, అడగ్గానే బ్యాంకులో పడ్డాయి కూడా. నమ్మకం కుదరడానికి ఆ 80 చాలు. తర్వాత 200, ఆ తర్వాత 500. తెర మీద అంకె పెరుగుతూ పోయింది. తీసుకుందామనుకునేసరికి "ముందు పన్ను కట్టండి" అన్నారు. కట్టాడు. ఆ తర్వాత ఖాతా తెరుచుకోలేదు. మొత్తం రెండు నెలల జీతం. అందులో ఊళ్లో కడుతున్న ఇంటి అప్పు కిస్తీలూ ఉన్నాయి.

ఫిర్యాదు చేయవయ్యా అంటే, "నేను ఆడింది బయటపడుతుంది కదా" అన్నాడు. డబ్బు పోవడంకన్నా ఎక్కువగా అతన్ని తినేసింది ఆ భయమే. నాలుగు నెలలు భార్యకు కూడా చెప్పలేదు. ఆమెకు చెప్పిన రోజు మా ఇంట్లోనే, మా ఎదుటే చెప్పాడు. ఆ సాయంత్రం నేను మర్చిపోలేను.

చిన్న బడ్జెట్ లెక్క

సరే, చట్టం పక్కన పెట్టి ఒట్టి లెక్కే చూద్దాం. పోకర్ తెలిసినవాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది. ఒక బల్ల దగ్గర కూర్చోవడానికి ఎంత కావాలో, అలాంటివి కనీసం 20 నుంచి 30 మొత్తాలు చేతిలో ఉండాలి. బాగా ఆడేవాడికీ వరసగా ఓడే రోజులు వస్తాయి గనుక. 50 డాలర్లను 25 భాగాలు చేస్తే ఒక్కోటి 2 డాలర్లు. అంటే 1 సెంటు, 2 సెంట్ల పందెం ఉండే అతి చిన్న బల్ల.

అక్కడ మీరు బాగా ఆడుతున్నారనే అనుకుందాం. వంద ఆటలకు ఐదు పెద్ద పందేలు మిగిల్చుకుంటే మంచి ఆటగాడి కిందే లెక్క. అది 10 సెంట్లు. ఒక బల్ల మీద గంటకు 65 ఆటల దాకా పడతాయి. అంటే గంటకు ఆరేడు సెంట్లు. మేం తాగుతున్న కోపీ ఖరీదు డాలరు పైనే. ఒక్క కోపీకి 15 గంటలకు పైగా పని!

దానికితోడు ప్రతి ఆటలోనూ బల్ల యజమాని తన వాటా తీసుకుంటాడు. సాధారణంగా 5 శాతం వరకు ఉంటుంది. సమానమైన ఆరుగురు ఆడితే చివరికి ఆరుగురూ ఓడతారు. పైగా ఎదురుగా ఉన్నది మనిషేనని నమ్మకం లేదు. 2019లోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాం ఆరుగురి పోకర్‌లో ఉద్దండులను ఓడించింది.

నా లెక్క విని తమ్ముడు నవ్వాడు. "మరి మీరెలా ఆడుతున్నారన్నా?"

పిక్కలు చెప్పిన నిజం

అమ్మ పంపిన చింతపండు విడదీసినప్పుడు మా ఆవిడ పిక్కలు దాచింది, పిల్లలకు వామనగుంటలు నేర్పాలని. ఇక్కడి మలయ్ వాళ్లు ఆడే చోంకాక్ కూడా దానికి చుట్టమే. ఆ పిక్కలే మా పోకర్ డబ్బు. శనివారం రాత్రి నాలుగు కుటుంబాలు చేరతాం. మనిషికి 100 పిక్కలు. అయిపోయినవాళ్లు మళ్లీ తీసుకోకూడదు. వెళ్లి అంట్లు తోమాలి. ఈ నియమం లేకపోతే పిక్కలే కదా అని ప్రతివాడూ ప్రతి పందేనికీ సై అంటాడు. అప్పుడు అది పోకరే కాదు.

కొత్తవాళ్లకు మేం ముందు నేర్పేది ముక్కలు పారేయడం. 52 ముక్కల్లోంచి రెండు ముక్కల జతలు 1,326 రావచ్చు. రెండు ఆసులు పడేది 221 సార్లలో ఒక్కసారే. కాబట్టి చాలాసార్లు పారేసి ఊరుకోవాలి. రమ్మీలో డ్రాప్ తెలిసినవాళ్లకు ఇది త్వరగా ఎక్కుతుంది.

తర్వాత లెక్క. మీ రెండు ముక్కలు, బల్ల మీది మూడు ముక్కలు కలిపి నాలుగు ఇస్పేట్లున్నాయి. అయిదోది కావాలి. మిగిలిన ఇస్పేట్లు 9, మీకు కనిపించని ముక్కలు 47. తర్వాతి ముక్క ఇస్పేటు అయ్యే అవకాశం దాదాపు 19 శాతం. మధ్యలో 30 పిక్కలున్నాయి, ఎదుటివాడు 10 వేశాడు. మీరు 10 వేసి 40 కోసం ఆడుతున్నారు. అయిదుసార్లలో ఒకసారైనా గెలిస్తేనే గిట్టుబాటు. అవకాశం దానికి కాస్త తక్కువే. ఇస్పేటు పడ్డాక ఇంకొన్ని పిక్కలు రాబట్టగలననుకుంటే సరే, లేకపోతే వదిలేయాలి. అదే అతను 30 వేస్తే నిస్సందేహంగా వదిలేయాలి.

ఇదంతా నాకు నోటికి వచ్చు. అయినా మూడు నెలలు నోటుబుక్కులో రాసి చూసుకుంటే నిజం బయటపడింది. మొదటి గంటలో నేను బాగానే ఆడతాను. ఒక పెద్ద ఆట పోగానే, దాన్ని వెంటనే రాబట్టాలని చెత్త ముక్కలతో దిగిపోతాను. పన్నెండు శనివారాల్లో ఏడుసార్లు అంట్లు తోమాను. ఆ ఏడుసార్లూ తప్పు ముక్కలది కాదు, నాదే. ఫోన్‌లో అర్ధరాత్రి ఒంటరిగా ఆడి ఉంటే అంట్లతో ఆగేది కాదు. ఇంకో 50 వేసేవాణ్ని.

ఇరుక్కుంటే

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు మొదట ఇంట్లో ఒకరికి చెప్పండి. తర్వాత జాతీయ జూద సమస్యల హెల్ప్‌లైన్ 1800-6-668-668కు ఫోన్ చేయండి. మోసమేమో అనిపిస్తే డబ్బు వేయకముందే 1799 స్కామ్‌షీల్డ్ హెల్ప్‌లైన్‌లో అడగొచ్చు. విదేశీయులకు క్యాసినోల్లో ప్రవేశ రుసుము లేదు. పౌరులకు, పీఆర్‌లకు మాత్రం రోజుకు 150 డాలర్లు. వాళ్లను ఆపడానికి పెట్టిన గోడ అది. మనకు ఆ గోడ లేదు, కాబట్టి మనమే కట్టుకోవాలి.

కోపీ అయ్యాక తమ్ముడు ఫోన్ తీసి ఆ లింకు నా ముందే తుడిచేశాడు. వచ్చే శనివారం వస్తానన్నాడు. రమ్మన్నాను. అంట్లు తోమే సబ్బు కూడా తెచ్చుకోమన్నాను.