లేసు అల్లిక: మనకు కాలక్షేపం, మరొకరికి కూడు

నిడదవోలులో రైలెక్కి తణుకు, అత్తిలి, భీమవరం, పాలకొల్లు దాటితే నరసాపురం వస్తుంది. ఆ ఊరికి పేరు తెచ్చినది లేసు అల్లిక. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు మన గోదావరి ప్రాంతపు పేద స్త్రీలకు ఈ పని నేర్పారు. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

నేర్చుకొనుటకు కావలసినవి రెండే: చివర కొక్కెం ఉన్న సూది, నూలుదారపు ఉండ. దారాన్ని ఉచ్చులోనుంచి లాగుతూ ముందు గొలుసు అల్లాలి. గొలుసు రెండు కొసలు కలిపితే వలయం, దాని చుట్టూ అల్లుకుంటూ పోతే పువ్వు. అటువంటి పువ్వులు జతచేస్తే బల్లగుడ్డ తయారు. తప్పు పడితే విప్పి మళ్లీ అల్లవచ్చు, దారం వృథా కాదు. మధ్యాహ్నం వంటపని ముగిశాక అరగంట అల్లితే మనసు కుదుటపడుతుంది.

అయితే ఒక మాట. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటి చాకిరీతోపాటు గంటల తరబడి అల్లుతున్నా, అది ‘తీరిక వేళ పని’ అని అందరూ అనుకోవడంవల్లనే వారికి అతి తక్కువ కూలి దక్కేదని ఆమె చూపించారు.

యొప్పేలో దొర్కా కుట్టిన బట్టలను విధవరాండ్రు ఏడ్చుచు పేతురుకు చూపించిన సంగతి అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో చదువుతాము. చేతిపనికి అంత విలువ!

సహోదరీ, ఈసారి లేసు బేరమాడేముందు ఒక చిన్న పువ్వు మీరే అల్లి చూడండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. ఆ తరువాత ధర అడగండి.